పసుపు జెండాల అవతల

"ఆ డబ్బా ఇలా ఇవ్వు" అన్నాడు కల్నల్ సాబ్.

"ఇయ్య సాబ్" అన్నాడు ఫూల్‌సింగ్.

మూసీ వంతెన మీద ఉన్నవాళ్లంతా తల తిప్పి చూశారు. కల్నల్ సాబ్ 'కాదు' అన్న మాట విని ఎన్నేళ్లయిందో గానీ, ఆయన మీసాలు మాత్రం ఒక్కసారి అదిరాయి.

పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. సూర్యాపేట దగ్గర దెబ్బతిన్న వంతెనను మిలిటరీ వాళ్లు బాగుచేస్తున్నారు. విరిగిన స్తంభాల కింద మందుగుండు కూరి, కరెంటు వైర్లు తగిలించి పేలుస్తారు. ఆ వైర్ల పక్కన చేతి వైర్‌లెస్ పలికిందంటే, మీట నొక్కకముందే మందు పేలి కూలీలు గాల్లో కలిసిపోవచ్చు. అందుకని చుట్టూ జెండాలు పాతి, వాటి లోపల వైర్‌లెస్ తెరవకూడదని హుకుం వేశారు. ఆ జెండాలు కూడా పసుపు నీళ్లలో ముంచిన గుడ్డలు. ఎర్రగుడ్డ కనబడితే ఎందుకు కట్టారో అడక్కముందే తుపాకులు పేలే రోజులు మరి.

ఆ హుకుంను ఫూల్‌సింగ్ పాటించినట్టు వేసినవాళ్లు కూడా పాటించలేదు. అతనిది దామరచర్ల పక్కన తండా. నాలుగు ముక్కల హిందుస్తానీ వచ్చని, వంతెన పని చూసే కెప్టెన్ క్యాంపుకు కబుర్లు పంపేందుకు అతనికి ఒక వైర్‌లెస్ అప్పగించాడు. తొలి వారం అందరిలాగే జెండా దాటగానే "హలో, హలో" అనేవాడు. తర్వాత ఏమైందో గానీ, జాగ్రత్త ముదిరింది. ఇప్పుడు ఆ నల్లడబ్బాను ఇంకొకరి చేయి తగలనిస్తే ఒట్టు. ఖాకీ సంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని తిరుగుతాడు. కబురు పంపాల్సి వస్తే జెండాలు దాటి, కట్ట ఎక్కి, కట్ట దిగి, కంటికి కనబడనంత దూరం పోతాడు. చెమటలు కక్కుకుంటూ వచ్చి జవాబు చెబుతాడు.

"పెండ్లాన్ని గూడ గింత పైలంగ సూస్కోవు గదరా" అని క్యాంపులో వంటచేసే మత్తయ్య ఏడిపించేవాడు.

ఆ పెండ్లాం మీదే అతని బెంగంతా. భూలికి ఆడపిల్ల పుట్టిందని తండా నుంచి కబురొచ్చి చాలా రోజులైంది. బిడ్డ మొహం ఇంకా చూడలేదు. వంతెన పూర్తయ్యేదాకా ఎవరికీ సెలవు లేదు. కెప్టెన్ మాత్రం జాలిపడి, "కల్నల్ గారి తనిఖీలో నీ మీద మాట రాకపోతే పంపిస్తాను. వచ్చిందా, ఇక నన్నడక్కు" అన్నాడు.

తీరా తనిఖీ రోజున ఇదీ వరస.

"ఎందుకివ్వవు?" కల్నల్ హిందుస్తానీలో గద్దించాడు.

"లోపల మందు పెట్టిండ్రు సాబ్. గా స్తంభాల కాడ కూలోళ్లున్నరు. మీ చెయ్యి జర అటిటు తగిలితే ఖతం. కొట్టినా సరే, కొలువు తీసినా సరే. జెండాల లోపట ఇది సంచిలకెల్లి బయటికి రాదు."

సంచి దాకా వచ్చిన కల్నల్ చేయి ఆగిపోయింది. ఆయన జెండాల వంక చూశాడు. స్తంభాల వంక చూశాడు. చివరికి తన బూటు పక్క నుంచి పోతున్న వైరును చూశాడు. కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"సరే, బయటికే పో. క్యాంపుకు చెప్పి నా భోజనం ఇక్కడికి తెప్పించు. నీ వైర్‌లెస్ ఎంత బాగా పలుకుతుందో నేనూ చూస్తాను."

బిడ్డ మొహం చూడటమా మానటమా అన్నది ఇప్పుడు ఈ భోజనం మీద ఆధారపడింది. ఫూల్‌సింగ్ సలాం కొట్టి, సంచిని పొట్టకు అదుముకుని పరుగు తీశాడు. కట్ట ఎక్కాడు. కట్ట దిగాడు.

"అంత దూరం దేనికి?" కల్నల్ అడిగాడు.

"జాగ్రత్త ఎక్కువండీ మావాడికి" అన్నాడు కెప్టెన్, లోపల హడలిపోతూనే.

ఎండ మాడుతోంది. కల్నల్ టోపీతో విసురుకున్నాడు. ఆయన కడుపులో పేగుల అరుపు పక్కవాళ్లకు కూడా వినబడసాగింది. ఎవరూ విననట్టే నిలబడ్డారు. ఇంతలో దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చింది. గిన్నెలు పట్టుకుని మత్తయ్య దిగాడు. వెనకే కట్ట మీద ఫూల్‌సింగ్ తల కనబడింది. రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు.

కల్నల్ మత్తయ్యను పట్టుకున్నాడు. "ఇతని గొంతు సరిగ్గా వినబడిందా?"

మత్తయ్య ఒకసారి ఫూల్‌సింగ్ వంక చూశాడు.

"నా పక్కన నిలవడి చెప్పినట్టే ఇనబడ్డది సాబ్."

కల్నల్ మొహం విప్పారింది. మాంసం కూరతో అన్నం తిని, తృప్తిగా త్రేన్చి, అందరినీ వరసగా నిలబెట్టాడు. వైర్‌లెస్ ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఈ మనిషిని చూసి నేర్చుకోమన్నాడు. వెంటనే సెలవు ఇమ్మన్నాడు. అతను తిరిగి వచ్చేదాకా ఆ డబ్బాను ఇంకెవరూ ముట్టుకోకూడదని హుకుం కూడా వేశాడు. కెప్టెన్ పొంగిపోయాడు. ఫూల్‌సింగ్ డబ్బాను తన చేత్తోనే ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

మర్నాడు మిర్యాలగూడలో బస్సు దిగాడు. బిడ్డకు ఊయల తీసుకోకుండా తండాకు పోబుద్ధి కాలేదు. నేరుగా తనకు తెలిసిన వడ్ల ఐలన్న కొట్టానికి పోయాడు. బాడిశతో కట్టె చెక్కుతున్న ఐలన్న అతన్ని చూడగానే పని ఆపాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఊయల సంగతి తర్వాత గని, నువ్వు మూసీల పడేసుకున్న వైర్‌లెస్‌కు బదులు నేను టేకు కట్టెతోటి చెక్కి నల్లరంగేసిచ్చిన డబ్బను ఇంకా ఎవ్వలు పసిగట్టలేదారా?"