ఖాళీ దరువులు

“టక టక్... టక.”

చేతికర్ర చప్పుడు.

రాస్కో శాక్సోఫోన్ నోట్లోంచి తీసేశాడు.

“మళ్ళీ ఆ ఖాళీలోనే కొట్టింది!”

హోటల్లో వేదిక ముందు బల్ల దగ్గర మిస్ ఆర్డెల్లా ఒక చేత్తో కర్ర పట్టుకుని, తాపీగా కాల్చిన పంది పక్కటెముక కొరుకుతోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే కుర్చీ, అదే పళ్ళెం.

పియానో ముందున్న లెనోరా నవ్వింది. రాస్కోతో పెళ్ళయి నెల కాలేదు. మొగుడు కోప్పడినా ఆమెకు ముచ్చటగానే ఉంది.

“ఉత్త ఖాళీయే కదా, పోనీ!”

“ఉత్త ఖాళీనా? లూథర్ బెయిన్స్ ఖాళీ అది!”

లూథర్ పాత రికార్డును విని విని అరగదీయని శాక్సోఫోన్ వాద్యకారుడు కాన్సాస్ సిటీలో లేడు. పాట మధ్యలో ఆయన ఉన్నట్టుండి ఆగుతాడు. బృందమంతా ఆగుతుంది. నాలుగు దరువుల మౌనం. మళ్ళీ అందుకుంటాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ కాలపు పాటలకు మళ్ళీ ప్రాణం పోస్తున్న రాస్కో బృందం, ఆ మౌనాన్ని కూడా పొల్లుపోకుండా వాయిస్తుంది.

ఇవాళ వాళ్ళ మొదటి రికార్డింగు. ఇంకాసేపట్లో మొదలు.

రాస్కో వేదిక దిగి వచ్చాడు.

“మిస్ ఆర్డెల్లా, ఇవాళ్టికి ఆ కర్ర...”

“చచ్చినోడి చొక్కా బాగానే కుదిరింది అబ్బాయ్. గుండీలు కూడా ఆయనవే.”

“ఆయన ఎలా వాయించాడో అలాగే వాయించాలి కదండీ.”

“ఎందుకు ఆగాడో తెలుసా?”

“ఊపిరి తీసుకోడానికి.”

ఆవిడ పకపకా నవ్వింది. “లూథర్‌కి ఊపిరి చాలకపోవడమా!”

తర్వాత గొంతు తగ్గించింది.

“ఒక్కసారి నన్ను ఆ చెక్క వేదిక ఎక్కించు. ఆ ఒక్క పాటకే.”

“వచ్చే ఆదివారం ఎక్కిస్తాను. ఒట్టు.”

“నా వయసువాళ్ళతో వచ్చే ఆదివారం బేరాలు పెట్టుకోకు నాయనా.”

రాస్కో పియానో మీది దుప్పటి తెచ్చి, మడతలు వేసి, ఆవిడ కర్ర కిందా కాళ్ళ కిందా పరిచాడు.

ఆవిడ నవ్వు ఆరిపోయింది.

“మళ్ళీ దుప్పటేనా?” అంది మెల్లగా.

అతనికి అర్థం కాలేదు.

రికార్డింగు దివ్యంగా కుదిరింది. ఆ ఖాళీలో చీమ చిటుక్కుమనలేదు. లెనోరా సంబరం పట్టలేక, మొగుడి టైకి అంటిన పులుసు మరకనే ముద్దు పెట్టుకుంది.

మరుసటి ఆదివారం రాస్కో మాట తప్పలేదు. చెయ్యి అందించడానికి మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

ముందు కుర్చీలో ఎవరూ లేరు.

ఒక నడివయసు స్త్రీ వచ్చి అట్టపెట్టె అందించింది.

“ఆర్డెల్లా మేనకోడల్ని. అత్త గురువారం పోయింది. ఇవి మీ వేదిక మీద పెట్టమంది.”

తెల్ల బూట్లు. తోలు ముడతలు పడింది. అడుగేస్తే దరువు మోగేలా అడుగున ఇనుప బిళ్ళలు.

“ఆవిడ డాన్సరా?” అంది లెనోరా.

“లూథర్ బృందంలోనే. ఆ రికార్డులోనూ ఉంది.”

“లేదండీ,” అన్నాడు రాస్కో. “ఆ రికార్డు నాకు కంఠతా వచ్చు. అందులో అడుగుల చప్పుడే లేదు.”

“ఎలా వినిపిస్తుంది బాబూ? లూథర్ ఆగింది అత్త అడుగుల వంతు కోసమే. చప్పుడు ఎక్కువవుతోందని రికార్డు చేసేవాళ్ళు ఆవిడ కాళ్ళ కింద దుప్పటి పరిచారు.”