బురుల్చా కెమెరా

దోరోన్‌బెక్‌ను ఊరి పెద్దల ముందు నిలబెట్టింది బురుల్చా. అతను చేసిన నేరం, ఎదురొచ్చే కార్లకు హెడ్‌లైట్లు ఆర్పి వెలిగించి డిప్పర్ కొట్టడం.

నరీన్ పట్నం వెళ్లే రోడ్డు మీద డిప్పర్ కొట్టారంటే ఒకటే అర్థం. ముందు వేగం పట్టే కెమెరా ఉంది, మెల్లగా పో అని. డ్రైవర్లు డ్రైవర్లకు చేసుకునే సాయం అది. పోలీసులకు అది నచ్చదు. బురుల్చాకు అసలే నచ్చదు. ఎందుకంటే ఆ కెమెరా తనదని ఆవిడ లెక్క.

బడికి వెళ్లే పిల్లలూ, ఆవిడ పెంచే పెద్దబాతులూ ఒకే మలుపు దగ్గర రోడ్డు దాటాలి. అక్కడ కార్లు రయ్యిమని దూసుకొచ్చేవి. బాతులు చాలానే పోయాయి. ఓ పిల్లాడి కాలు విరిగింది. దాంతో బురుల్చా నడుం బిగించి, కెమెరా కావాలని అర్జీ పట్టుకుని జిల్లా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి అధికారులొచ్చారు. మలుపును టేపు పెట్టి కొలిచారు. తలలూపారు. ఊరు వాళ్ల కోసం కోసిన గొర్రెను ఎముకలు మాత్రం మిగిల్చి తినేసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే కార్లు మలుపు దగ్గర పిల్లుల్లా నడవడం మొదలుపెట్టాయి. కెమెరా ఎక్కడా కనపడకపోతే, పొదల్లో దాచి పెట్టి ఉంటారని ఆవిడే తేల్చేసింది. ఇక బురుల్చాను పట్టడం ఎవరి తరమూ కాలేదు. పెళ్లికెళ్లినా, పరామర్శకెళ్లినా కెమెరా కబురే.

అలాంటిది, మొన్న దోరోన్‌బెక్ టాక్సీలో వెనక సీట్లో కూర్చుని అతని నిర్వాకం కళ్లారా చూసింది. ఊరు దాటగానే ఎదురొచ్చిన ప్రతి కారుకూ డిప్పర్ కొట్టాడు. బస్సుకు కొట్టాడు. గడ్డి లారీకి కొట్టాడు. ఆ ఊపులో గుర్రం మీద వస్తున్న మనిషిని కూడా వదల్లేదు.

అయిదుగురు పెద్దలు తెల్ల టోపీలు పెట్టుకుని, టీ గిన్నెలు ముందేసుకుని ఊరి ఆఫీసులో కూర్చున్నారు. వాళ్లకు శ్రమ లేకుండా శిక్ష కూడా బురుల్చాయే ఆలోచించి తెచ్చింది. ఏడాదిపాటు ఊళ్లో ఎవరూ అతని కారెక్కకూడదట. దోరోన్‌బెక్ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ డొక్కు కారు మీదే.

“వీడు ఒకడికి కొడతాడు, వాడు ఇంకొకడికి కొడతాడు. రోడ్డు పొడుగునా అందరికీ తెలిసిపోతోంది తాతా,” అంది బురుల్చా అందరిలోకీ పెద్దవాడైన సగినాలీతో. “ఇన్నాళ్లలో ఒక్కడికి జరిమానా పడిందా? ఒక్కడికంటే ఒక్కడికి? దాని పని దాన్ని చేసుకోనివ్వడు వీడు.”

పెద్దల్లో చర్చ మొదలైంది. అసలు కెమెరాలతో ఒరిగేదేమీ లేదన్నాడు ఒకాయన. వాటి దగ్గర బుద్ధిగా పోయినవాళ్లే, అవి దాటగానే పోయిన టైమంతా రాబట్టుకుంటారట. తన అల్లుడే అందుకు ఉదాహరణ అన్నాడు. ఎవరి భయమైతేనేం, పిల్లలు క్షేమంగా ఇంటికొస్తున్నారు కదా అన్నాడు రెండో ఆయన. కెమెరా గాడిదల్ని కూడా ఫొటో తీస్తుందా అని మూడో ఆయన అడిగాడు. తియ్యదని చెప్పాక కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

ఎలాగోలా కార్లు మెల్లగానే పోతున్నాయి కదా, మరి ఫిర్యాదేమిటమ్మా అని సగినాలీ తాత అడిగాడు. బురుల్చా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సైగ చూసి తగ్గినవాడికి బుద్ధి రాదు, జరిమానా కాగితం ఇంటికొస్తే మిగతా బుద్ధి పెళ్లాం చెబుతుంది అంది. పెళ్లయిన పెద్దలంతా దీన్ని కాదనలేకపోయారు.

అప్పుడామె దోరోన్‌బెక్ వైపు తిరిగింది.

“నీ కూతురు కూడా అక్కడే కదరా రోడ్డు దాటేది. పిల్లకంటే నీకా డ్రైవర్లే ఎక్కువైపోయారా?”

దోరోన్‌బెక్ టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఇకమీదట కొట్టనని ఒక్క మాటంటే వదిలేస్తామన్నారు పెద్దలు. అననన్నాడు. పోనీ ఎందుకు కొడుతున్నావో చెప్పమన్నారు. ఇంతమందిలో చెప్పలేనన్నాడు. కిటికీల బయట సగం ఊరు చెవులు రిక్కించుకుని ఉంది. అందులో పక్క ఊరి డ్రైవర్లు కూడా ఉన్నారు.

“చూశారా తాతా పొగరు,” అంది బురుల్చా.

సగినాలీ తాత తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. కిటికీ దగ్గర దోరోన్‌బెక్ భార్య ఏడుపు ఆపుకోలేక తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూశాక దోరోన్‌బెక్ వల్ల కాలేదు. గబగబా ముందుకొచ్చి ముసలాయన చెవిలో ఏదో చెప్పాడు.

ముసలాయన టీ గిన్నె నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

“నువ్వే వెళ్లి కనుక్కున్నావా?”

“నేనే వెళ్లాను తాతా.”

ముసలాయన గిన్నె కింద పెట్టాడు. తర్వాత మిగతా నలుగురినీ అడగకుండానే తీర్పు చెప్పేశాడు.

“దోరోన్‌బెక్ డిప్పర్ కొట్టడం మానకూడదు. మానితే గొర్రె జరిమానా. రేపటి నుంచి ఊళ్లో కారున్న ప్రతివాడూ కొట్టాలి.”

బయట డ్రైవర్లు ఈలలు వేశారు. బురుల్చా ముఖం కందగడ్డయింది. ముసలితనంలో మతి పోయిందని పెద్దాయన్ని అందరి ముందే అనేసింది. రేపు పొద్దున్నే జిల్లా ఆఫీసుకెళ్లి, నా కెమెరాకు జరుగుతున్న అన్యాయమంతా అరిచి చెబుతాను, డ్రైవర్లందరూ వినేలా చెబుతాను అంటూ గుమ్మం దాకా వెళ్లింది.

సగినాలీ తాత కంగారుగా లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. కిటికీ వైపు ఓసారి చూసి, ఆవిడకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా గొంతు తగ్గించాడు.

“మన అర్జీ పోయినేడే చెత్తబుట్టలో పడిందట తల్లీ, ఆ మలుపులో కెమెరా లేదు, ఉన్నది వీడొక్కడే.”