గొట్టంలో నూనె

కెల్విన్ బండి నీలిపొగ కక్కుకుంటూ రిపేరు షెడ్డు ముందు ఆగేసరికి లియాన్ చేతిలో పానా పక్కన పడేసింది.

ఆమె తండ్రి మెర్వ్ పరువు తీసింది ఈ మనిషే. "మెర్వ్ నోట నిజం రాదు. బండి పాడైందన్నాడా, బాగున్నట్టే. బాగుందన్నాడా, పాడైనట్టే" అని పబ్బులో కూర్చుని ఊరందరినీ నవ్వించాడు. గిరాకీ పోయింది. ఆ దిగులుతోనే మెర్వ్ మంచం పట్టి పోయాడు. అయినా కెల్విన్‌కి ఇవాళ వేరే దిక్కు లేదు. ఆదివారంపూట వింటన్ ఊళ్లో తెరిచి ఉన్న షెడ్డు ఇదొక్కటే.

"ఎడారి దాటాలి. మావాళ్లు బంకు దగ్గర కాచుక్కూర్చున్నారు. తొందరగా చూడమ్మాయ్" అన్నాడు, బండి దిగకుండానే.

లియాన్ ఆయిల్ మట్టం చూసింది. సరిగ్గానే ఉంది. ఇంజను ఆవిరి బయటికి పోయే దారి చూసింది. అదీ శుభ్రంగానే ఉంది. టర్బో నుంచి ఇంజనుకి గాలి వెళ్లే గొట్టం ఊడదీసి వంచింది. నల్లటి నూనె ధార కట్టింది. టర్బో ఫ్యాన్‌ని వేలితో కదిపితే వదులైన పన్నులా ఊగింది.

"టర్బో సీలు పోయింది కెల్విన్ గారూ. ఇంజను ఈ నూనె తాగడం మొదలెడితే తాళం తీసినా ఆగదు. పగిలేదాకా తిరుగుతూనే ఉంటుంది. మీ మేలు కోరి చెప్తున్నా, కదలకండి."

కెల్విన్ పకపకా నవ్వాడు. "తండ్రికి తగ్గ కూతురివే. టర్బో అన్నాక కాస్త నూనె చెమ్మ ఉంటుంది. అందుకేగా దాన్ని పట్టే డబ్బా పెట్టించాను."

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ ఇంటి ఒట్లు నాకు తెలీవా? గొట్టం బిగించు."

బిగించింది. కిటికీ పట్టుకుని మళ్లీ బతిమాలింది. బండి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

లోపల టీ తాగుతున్న తల్లి బెరిల్‌కి ఒళ్లు మండిపోయింది.

"మీ నాన్నని పొట్టన పెట్టుకున్నవాణ్ణి అంతలా బతిమాలతావేమే? బండికేం కాలేదు, వెళ్లిరా అని చెప్పుంటే ఎడారిలో వాడి పొగరు అణిగేదిగా."

లియాన్ చేతులు తుడుచుకుంది.

"అలా చెప్పుంటే ఆగిపోయేవాడమ్మా."