దూడ ముందుకాళ్లు నాలుగో వార్డులో

"ఓలమ్మో! నా దూడ గొంతులో ప్లాస్టిక్ కవరు అడ్డంపడిందర్రా!" అని గేదె సింహాచలం పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది.

మూడో వార్డు మెంబరు కాకి నూకరాజు, నాలుగో వార్డు మెంబరు కుక్క వీరన్న పరిగెత్తుకొచ్చారు. రెండు వార్డులకీ మధ్య ఓ మురిక్కాలవ. పొద్దున్నే వీళ్ల చెత్త వాళ్ల గట్టుకీ, వాళ్ల చెత్త వీళ్ల గట్టుకీ నెట్టుకోవడం అక్కడి ఆచారం లెండి. దూడేమో కాలవకి అటూ ఇటూ కాళ్లేసుకుని గిలగిల్లాడుతోంది.

"ముందుకాళ్లు నీ వార్డులో ఉన్నాయి బావా, నువ్వే చూడు," అన్నాడు నూకరాజు.

"తోక నీ వైపే కదయ్యా! ఆ కవరు కూడా మీ వాళ్ల పెళ్లి భోజనాలదే," అన్నాడు వీరన్న.

దూడ కళ్లు తేలేసింది.

"నాయనా, దానికింకా ఓటు లేదనేగా ఈ బేరాలు?" అంది సింహాచలం.

ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది. వీరన్న తన కాలు అడ్డంపెట్టి దూడ నోరు తెరిచి పట్టుకున్నాడు. నూకరాజు తల లోపలికంటా దూర్చి ముక్కుతో లాగాడు. మూరెడు కవరండీ! దూడ దగ్గి, తుమ్మి, లేచి నిలబడింది.

ఇద్దరూ కాలవలోకి దిగి, సాయంత్రందాకా రెండు గట్ల చెత్తా ఏరి బండికెత్తించారు. సింహాచలం తన దొడ్లోనే అందరికీ ఆకులేసింది. అయినా దూడ పొదుగు అందుకునేదాకా ఎవరూ మెతుకు ముట్టలేదు. అది గుటక వేసింది చూశాక, అందరూ ఒక్క వరసలో కూర్చుని తిన్నారు.