ముళ్ళు లేచిన కణాలు

"కళ్ళజోడు తీసి చూడు నాన్నా."

తండ్రి మైక్రోస్కోపు మీదికి వంగాడు. పెరట్లో తను తవ్వించిన బోరు మూయించడానికే కూతురు తన ల్యాబుకి రప్పించిందని ఆయనకి తెలుసు. ఆ బోరుకి గోడ బయట కుళాయి పెట్టించి వీధి వీధంతటికీ ఊరికే నీళ్ళిస్తున్నాడు. అక్కడ ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు. అందరికీ 'నీళ్ళ పెద్దాయనే'. ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉందని పరీక్షలో తేలిందంటే ఆయనకి మింగుడుపడలేదు.

"ఏం కనబడుతోంది?"

"ఎర్ర రక్తకణాలేగా. గుండ్రంగా, నున్నగా ఉన్నాయి."

ఆమె స్లైడు మార్చింది. ఈసారి కణాలు ముడుచుకుపోయి, అంచుల చుట్టూ ముళ్ళు లేచి ఉన్నాయి. కొన్ని చితికిపోయాయి.

"ఇదెవరో జబ్బు మనిషిది. నా నీళ్ళకి అంటగడతావేం?"

"ఫ్లోరైడు కణం పైపొరని దెబ్బతీస్తుంది. కణం తొందరగా చచ్చిపోతుంది. ఒంట్లో రక్తం తగ్గి, నీరసం, ఆయాసం మొదలవుతాయి."

"వయసు మీద పడితే ఎవరికైనా అంతే. రెండింటికీ వయసులో తేడా ఎంత?"

"ఏడాది."

"తిండి తేడా అయ్యుంటుంది."

"ఒకే ఇల్లు, ఒకే వంట. నీళ్ళే వేరు. ముళ్ళున్నది మన బోరు నీళ్ళకి. నున్నగా ఉన్నది బయట కొన్న నీళ్ళకి."

ఆయన నవ్వాడు. "మరి మీ అమ్మ సంగతేంటి? పోయినేడు నాలుగు మెట్లెక్కితే కూలబడేది. ఇప్పుడు ఇల్లంతా గిరగిరా తిరుగుతోంది. మన నీళ్ళు తాగేగా?"

కూతురు మైక్రోస్కోపు వైపు చూపించింది. ఆయన మళ్ళీ వంగి చూశాడు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడే మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళలో ఎవరి ఒంట్లో ఉన్నాయో ఈ ముళ్ళు. తల పైకెత్తేసరికి ఆయన మొహంలో నవ్వు లేదు.

"సరే. ఇవాళే కుళాయి కట్టేయిస్తాను," అన్నాడు. "కానీ ఆ ఇంటికి నేనే వెళ్ళాలి. తెలీక తాగించానని చెప్పుకోవాలి. ఎవరే వాళ్ళిద్దరూ?"

"చెప్పనని ఒట్టేశాను నాన్నా. నువ్వు నొచ్చుకుంటావని దాచమన్నారు."

"నొచ్చుకునేదేముంది? చెప్పు, పర్లేదు."

ఆమె స్లైడులు రెండూ తీసి పక్కపక్కన పెట్టింది.

"రెండూ అమ్మవే."