ఎర్ర జాకెట్

"చీలమండ బిగించి తన్నాలిరా నాయనా! ఎన్నిసార్లు చెప్పాను?"

మైదానం గీత బయటినుంచి కోచ్ అరిచిన అరుపు గ్యాలరీ పైమెట్టు దాకా వినబడింది. కెప్టెన్ తన్నిన బంతి గోల్ మీదుగా ఎగిరి చెట్లలో పడింది. కాలేజీలో చేరినప్పటినుంచీ రోజూ పొద్దున్నే వింటున్న మాటే. కుర్రాడికి ఆటంతా వచ్చు. ఆ చీలమండ ఒక్కటే మాట వినదు.

ఆయన ఈ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా చేరేనాటికి ఈ పిల్లలెవరూ పుట్టలేదు. నెలాఖరుకి రిటైర్మెంటు. ఇవాళ్టిదే ఆఖరి ఫైనల్. ఫైనల్ దాకా రావడం, ఓడి ఇంటికెళ్ళడం ఆయనకు అలవాటైపోయింది. కప్పు ఒక్కసారైనా చేతికి రాలేదు.

"ఈసారీ ఉత్తచేతులతో వెళ్తే మా ఆవిడ తలుపు తియ్యదురా," అని ఆటకు ముందు పిల్లల్ని నవ్వించాడు. "కప్పు కోసమని అలమరలో చోటు ఉంచీ ఉంచీ విసుగెత్తి, మొన్న అక్కడ ఇస్త్రీపెట్టె పెట్టేసింది."

ఆయన నోరు మాత్రం మంచిది కాదు. ఓడిన ప్రతిసారీ తప్పు రిఫరీదే. అందులోనూ ఇవాళ్టి రిఫరీది. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే బట్టతల. వెనకనుంచి చూస్తే అన్నదమ్ములు, ఎదురుపడితే పామూ ముంగిసా.

చెయ్యి మంచిది. దెబ్బ తగిలి ఏ పిల్లాడు మైదానంలోంచి బయటికొచ్చినా, తన ఎర్ర జాకెట్ విప్పి వాడి తలమీదుగా కప్పేవాడు. "ఏడువు. ఎవరికీ కనబడవులే," అనేవాడు. అవతలి జట్టు పిల్లాడైనా అంతే.

ఆట ముగుస్తుందనగా బంతి ఆయన డిఫెండర్ చేతికి తగిలింది. కోచ్ కళ్ళముందే తగిలింది. నల్లచొక్కా రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చాడు.

"కొంప ముంచాడ్రా! మళ్ళీ ముంచాడు!" కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. గ్యాలరీ వైపు తిరిగాడు. "వీణ్ణి ఇలాగే వదిలేస్తారా?"

గోల్ పడింది. ఆట అయిపోయింది. గ్యాలరీ వదల్లేదు.

ముందు నీళ్ళ సీసాలు వచ్చిపడ్డాయి. తర్వాత రాళ్ళు. కంచె కూలింది. అందులోని ఇనపగొట్టాలు చేతుల్లోకి వచ్చాయి. గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తే మనిషికి నుదురు చీలింది. పడిపోయినవాణ్ణి తొక్కుకుంటూ పోయారు. రిఫరీ గ్యాలరీ కింద బట్టలు మార్చుకునే గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. గొట్టాలు తలుపు మీద మోగాయి. కాపలావాళ్ళు ఎప్పుడో మాయమయ్యారు.

"బయటికి లాగండ్రా! చంపెయ్యండి!"

కోచ్ కుంటుకుంటూ వచ్చాడు. మోకాలిది పాత దెబ్బ. జెండా మనిషి దగ్గర ఆగి చూశాడు. కోచ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎర్ర జాకెట్ జిప్పు పైదాకా లాక్కుని గుంపులోకి దూరాడు.

"జరగండి. వీడి సంగతి నేను చూసుకుంటా."

"సార్‌కి దారివ్వండ్రా!" కెప్టెన్ అందరినీ పక్కకు నెట్టాడు.

కోచ్ తలుపు సందులో నోరుపెట్టి ఏదో అన్నాడు. గడియ కదిలింది. ఆయన లోపలికి వెళ్ళగానే మళ్ళీ పడింది.

"చొక్కా విప్పు!" లోపల కోచ్ గొంతు గర్జించింది. "విప్పుతావా, నన్నే లాగెయ్యమంటావా?"

బయట ఈలలు, చప్పట్లు. "ఉతికెయ్యండి సార్!"

అంతలో గది వెనకనుంచి ఎవడో కేకేశాడు. "కిటికీలోంచి దూకాడ్రోయ్!"

సంజవెలుగు తగ్గిపోయింది. నల్లచొక్కా, బట్టతల, ముఖానికి అడ్డంగా చేతులు. కంచె వైపు పోతున్నాడు. రాయి తగిలిందో ఏమో, కాలీడుస్తున్నాడు. గుంపంతా అటు మళ్ళింది.

కెప్టెన్ ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. గది తలుపు తెరుచుకుంది. తలమీదుగా కప్పుకున్న ఎర్ర జాకెట్ ఒకటి మెల్లగా గేటువైపు కదిలింది. దాని కింద భుజాలు వణుకుతున్నాయి.

 కెప్టెన్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా సార్‌ని ఏడిపిస్తావురా!" అంటూ కంచె వైపు పరిగెత్తాడు.

అక్కడ మొదటి గొట్టం వీపు మీద పడింది. తర్వాతది మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది. నల్లచొక్కా మనిషి బోర్లా పడ్డాడు. బూట్లు, గుద్దులు. గోల్‌కీపర్ వేళ్ళ మీద ఎక్కి తొక్కాడు. ఎవడో జెండా కర్ర విరిగేదాకా కొట్టాడు. కిందనున్న మట్టి బురదైంది, నీళ్ళతో కాదు.

వింతేమిటంటే, ఆ మనిషి కాపాడమని ఒక్క కేకైనా వెయ్యలేదు. చేతుల సందులోంచి గేటువైపే చూస్తున్నాడు, ఎవరైనా వస్తారేమోనన్నట్టు.

ఎవరూ రాలేదు. ఎర్ర జాకెట్ గేటు దాటి వీధిలో కలిసిపోయింది. అప్పుడతను చేతులు వదిలేసి, మట్టిలో ముఖం దాచుకున్నాడు.

"జరగండి మామా," అన్నాడు కెప్టెన్. "ఇది సార్ తరఫున."

అందరూ చోటిచ్చారు. కెప్టెన్ నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి, డొక్కలో తన్నాడు. లోపల ఏదో పుటుక్కుమంది. కెప్టెన్ పాదం కూడా మెలిపడి, "అబ్బా!" అంటూ ఒంటికాలి మీద గెంతాడు.

కిందపడ్డ మనిషి మట్టిలోంచి ముఖం ఇటు తిప్పి, నోట్లోని నెత్తురు ఉమ్మి, మెల్లగా అన్నాడు: "చీలమండ బిగించి తన్నాలిరా నాయనా... ఎన్నిసార్లు చెప్పాను?"