చెలమ తవ్విన అలుగు

ఒంటినిండా పొలుసులున్న అలుగు ఒకటి, వరదలో బిడ్డ కొట్టుకుపోయినప్పటి నుంచి బొరియలోనే ఉండలా చుట్టుకుని పడుకుంది. వచ్చినవాళ్ళంతా వాకిట్లో నిలబడి ధైర్యం చెప్పేవారు. "గుండె రాయి చేసుకో" అనేది వాగు పక్కనే పిల్లలతో ఉండే కుందేలు. "నావి ఎన్ని గుడ్లు పోలేదు? నేను తిరగడం లేదూ?" అనేది నెమలి. ఒక్కో మాటకీ అలుగు ఇంకాస్త ముడుచుకునేది.

ఎండలు ముదిరి వాగు ఎండిపోయింది. ఒక సాయంత్రం తాబేలు తాత వచ్చి, ఓదార్పు జోలికే పోకుండా, "వాగులో చెలమ తవ్వుతున్నాం. ఇసుకలో లోతుకి దిగే గోళ్ళు నీకే ఉన్నాయమ్మా, రా" అన్నాడు.

దాహం అందరిదీ. అలుగు వెళ్ళింది. అది తవ్వుతుంటే కుందేలు ఇసుకను వెనక్కి తోసింది, నెమలి రాళ్ళు ఏరింది. మూడో సాయంత్రం గోళ్ళకి నీటి చెమ్మ తగలగానే, "నా బిడ్డకి తడి ఇసుకంటే ప్రాణం" అంది అలుగు. అందరూ పని ఆపి విన్నారు. ఈసారి ఎవరూ ధైర్యం చెప్పలేదు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. మొదటి ఉరుముకే అలుగు ఒళ్ళు దానంతటదే ముడుచుకోబోయింది. అంతలో దానికి కుందేలు పిల్లలు గుర్తొచ్చాయి. గబగబా గట్టెక్కి, ఎత్తయిన చోట తవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి దాన్ని వెతుక్కుంటూ అందరూ వచ్చారు. కుందేలు ఏదో ఓదార్పు మాట చెప్పబోయింది.

అలుగు తలెత్తకుండానే అంది: "మాటలు తర్వాత. నీ పిల్లలు పల్లంలో ఉన్నాయి. బొరియ తవ్వుతున్నాను, మట్టి తొయ్యి."